మంచి నీళ్ల మచ్చలు

నాకు పుట్టినప్పటి నుంచీ భయాలు ఎక్కువ. బర్రెలంటే భయం, ఉరుములంటే భయం, గొంతు పెంచి మాట్లాడే మనిషి ఎవరైనా సరే భయమే. ఇవన్నీ నలుగురికీ ఉండేవే అనుకోండి. కానీ ఒక కిటికీని చూసి వణికిన మనిషిని మాత్రం నన్ను తప్ప ఇంకొకరిని నేను చూడలేదు.

ఆ కిటికీ ఎల్లారెడ్డిలో, మిషన్ వాళ్ల చిన్న దవాఖానలో ఉండేది. ఉత్తరం గోడకు, నా నిలువుకంటే ఎత్తుగా, నిండా అద్దాలతో. దాన్ని తుడవడం నా పనుల్లో ఒకటి. కామారెడ్డిలోని పెద్ద దవాఖాన నుంచి డాక్టరమ్మ నెలకోసారి మోటారులో వచ్చి, కళ్లకు ఆపరేషన్లు చేసి పోయేది. ఊళ్లో కరెంటు లేదు. పగటి వెలుతురే ఆమెకు దీపం. ఉత్తరం నుంచి ఎండ పడదు, వెలుతురు మాత్రం నిలకడగా వస్తుంది కాబట్టి బల్లను ఆ కిటికీ పక్కనే వేయించుకునేది. కిటికీ మసకగా ఉంటే ఆమె చేతిలోని కత్తి కూడా మసకలోనే నడవాలి.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన తొలి రోజుల్లో, ఒక వేసవిలో, ఆ బల్ల మీద మా అవ్వను పడుకోబెట్టారు. అవ్వ అంటే నన్ను కన్నతల్లి. మావైపు చాలా ఇళ్లలో తల్లిని అలాగే పిలుస్తారు. ఆమెకు అప్పటికి ఒక్క కన్నే మిగిలింది. రెండోది పిట్లం అంగడిలో పోయింది. ఊరూరా తిరిగే వైద్యుడొకడు, పొర తీస్తానని ఆమెను అంగడి నడుమ కూర్చోబెట్టి సూదితో గుచ్చాడు. చూపు వచ్చినట్టే వచ్చి, తర్వాత చీము పట్టి, కన్ను మొత్తానికే ఆరిపోయింది. ఇప్పుడు మిగిలిన కంటికీ మోతిబిందు పొర ముసిరింది. సూది అన్న మాట వింటే చాలు, చెవులు మూసుకునేది. ఆమెను ఆ బల్ల దాకా తీసుకురావడానికి నేను పడ్డ పాట్లు యేసయ్యకే తెలియాలి.

డాక్టరమ్మ చేతులు కడుక్కుని వచ్చి, అవ్వ కనురెప్ప ఎత్తి చూసింది. తర్వాత తల ఎత్తి కిటికీని చూసింది. దగ్గరికి వెళ్లి అద్దం మీద వేలితో రుద్దింది. వేలికి ఏమీ అంటలేదు, అద్దం మీద గీతా పడలేదు.

"ఇది దుమ్ము కాదు. అద్దానికి పొర పట్టింది," అంది. ఆమెది కోస్తా మాట. "ఈ వెలుతురులో నేను కంటికి కత్తి పెట్టను. వచ్చే నెలకి కూడా ఇలాగే ఉంటే ఇక ఇక్కడ కళ్లు ముట్టుకోను. అందరూ కామారెడ్డికే రావాలి."

అవ్వ బల్ల మీద లేచి కూర్చుంది. "అద్దానికి గూడ మోతిబిందా బిడ్డా?" అని అడిగింది.

కంపౌండరు నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఎందుకంటే అవ్వ కామారెడ్డికి రాదు. ఇంటికి నడుస్తూ దారిలోనే ఆ సంగతి తేల్చేసింది. "ఈడనైతే నువ్వుంటవ్ గదా అని ఒప్పుకున్న. మోటరెక్కి పరాయి ఊర్ల కన్ను కోయించుకోమంటే నాతోని కాదు. గుడ్డిదాన్నయితే అయిత," అంది. ఆమె అన్నదంటే అన్నట్టే. అంటే వచ్చే నెల లోపల ఆ అద్దం తేటపడకపోతే మా అవ్వకు చీకటే.

నేను పని ఎగ్గొట్టే రకం కాదు. అద్దం తుడవడం నేర్చింది కామారెడ్డి దవాఖానలోనే. అక్కడ సబ్బును కత్తితో సన్నగా తరిగి, గోరువెచ్చని నీళ్లలో వేసి చిలికితే గిన్నె నిండా నురుగు లేచేది. ఆ నురుగుతో రుద్ది, నీళ్లతో కడిగి, పాత ఉర్దూ అఖ్బారు కాగితం నలిపి తుడిస్తే అద్దం ఉందో లేదో తెలియకుండా పోయేది. ఒకసారి పిచ్చుక వచ్చి కొట్టుకుంది కూడా. అక్కడ వాడకానికి చెరువు నీళ్లు వచ్చేవి. ఆ సంగతి నేను అప్పుడు లెక్కలోకి తీసుకోలేదు. నీళ్లంటే నీళ్లే అనుకున్నాను.

ఎల్లారెడ్డి దవాఖానలో వాడకానికి పెరటి బావి ఉండేది. ఉప్పు నీళ్లు. వాటిలో సబ్బు వేస్తే నురుగు రాదు, విరిగిన పాలలాగా తెల్లటి తరకలు తేలతాయి. నురుగు రావడం లేదని ఇంకొంచెం సబ్బు వేసేదాన్ని. తరకలు ఇంకొంచెం పెరిగేవి. ఎంత రుద్దితే అంత పొర. డాక్టరమ్మ వెళ్లిన మర్నాటి నుంచి నేను ఆ కిటికీతో కుస్తీ మొదలుపెట్టాను. ఒక మూల బూడిదతో రుద్దితే సన్నటి గీతలు పడ్డాయి, వెంటనే మానేశాను. ఇంకో మూల దీపంలో పోసే గ్యాసునూనె రాస్తే మురుగు కాలువ మీద తేలే రంగులన్నీ అద్దం మీదికి వచ్చాయి. "పట్నంల సిర్కాతోని తుడుస్తరట," అన్నాడు కంపౌండరు. ఎల్లారెడ్డిలో ఆ పుల్లటి సిర్కా ఎక్కడ దొరుకుతుంది? వాన నీళ్లు పట్టుకుందామా అంటే ఆకాశంలో మబ్బు తునక లేదు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. మావైపు ఎవరికైనా అదే వచ్చేది. ఉప్పు నీళ్లతో పాడైంది కాబట్టి మంచి నీళ్లతో బాగవుతుంది. మంచి నీళ్లంటే తాగే నీళ్లు. వాటికి మేము పెట్టుకున్న పేరే అది.

మంచి నీళ్ల బావి పటేలు ఇంటి పక్క సందులో ఉండేది. ఆ గిలక మీద చెయ్యి వేసే హక్కు మా వాడవాళ్లకు లేదు. యేసును నమ్ముకున్నా, దవాఖానలో పని చేసినా, ఆ బావి దగ్గర మేము పాతవాళ్లమే. గచ్చుకు ఇవతల బిందె పెట్టుకుని నిలబడాలి. చేదేవాళ్లలో ఎవరికైనా దయ కలిగితే ఎత్తు నుంచి మా బిందెలో ఇన్ని పోస్తారు. నాకు ఎక్కువగా పటేలు భార్యే పోసేది. ఆమెను అందరం పటేలమ్మ అనేవాళ్లం. చెడ్డ మనిషి కాదు. పోస్తూ పోస్తూ మా అవ్వ ఎలా ఉందని అడిగేది. ఆమె అత్తకూ మోతిబిందే. ఆ ముసలామె కూడా వచ్చే నెల డాక్టరమ్మ కోసం ఎదురుచూస్తోంది.

ఆ రోజు నేను రెండు బిందెలు తీసుకుపోయాను. పటేలమ్మ బొక్కెన పట్టుకుని ఆగింది.

"రోజుకొక్కటేనాయె, ఇయ్యాల రెండోది ఎందుకే?"

మొగుళ్లూ పిల్లలూ తాగే నీళ్లను ఎత్తి పోయించుకుని గోడకున్న అద్దం కడుగుతానంటే ఊరుకుంటుందా? "అవ్వకు దూప ఎక్కువైంది పటేలమ్మా," అన్నాను.

"ఎండలు గట్లనే ఉన్నయ్ మరి," అని రెండోదీ నింపింది. ఆ బిందె నెత్తిన పెట్టుకుని దవాఖాన దాకా వచ్చేసరికి నా మెడ బరువుకంటే భయానికే ఎక్కువ నొచ్చింది.

తలుపు వేసుకుని, ఎవరూ చూడటం లేదని చూసుకుని, సబ్బు ముట్టుకోకుండా ఆ మంచి నీళ్లతోనే అద్దాలన్నీ కడిగాను. తడిగా ఉన్నంతసేపు ఎంత బాగుందో! బయటి వేపచెట్టు ఆకులు విడివిడిగా కనిపించాయి. నేను మోకాళ్ల మీద కూర్చుని స్తోత్రం చెప్పుకున్నాను. ప్రార్థన ముగించి కళ్లు తెరిచేసరికి అద్దం ఆరుతోంది. ఆరిన చోటల్లా తెల్లటి చుక్కలు, చుక్కల చుట్టూ తెల్లటి అంచులు. కాసేపటికి కిటికీకంతా అమ్మవారు పోసినట్టయింది. అద్దంలోంచి కాదు గానీ, అద్దం మీద నాకు మా అవ్వ కన్నే కనిపించింది. కూర్చున్నచోటే ఏడ్చాను.

దారి దొరికింది వంటింటి పనిలాంటి పనిలో. కత్తులూ సూదులూ ఉడకబెట్టే సర్వ లోపల సున్నం కొట్టినట్టు తెల్లటి పెచ్చు కట్టింది. దాన్ని వదలగొట్టమని కంపౌండరు నా ముందు పడేశాడు. ఇత్తడి బిందెలకు చేసినట్టే చింతపండు నానబెట్టి పిసికి పోశాను. పెచ్చు చిన్నగా బుసబుసమని పొంగి కరిగిపోయింది. నేను ఆ సర్వనూ కిటికీనీ మార్చి మార్చి చూశాను. సర్వలో ఎవరూ సబ్బు వేయలేదు, దుమ్ము పడలేదు. నీళ్లు మరిగాయి, ఇగిరాయి, అంతే. మరి ఆ తెల్లది నీళ్లలోంచే రావాలి కదా. అంటే నేను ఇన్నాళ్లూ మురికిని కడుగుతున్నాననుకుని, కడిగే నీళ్లనే అద్దానికి పూస్తున్నాను.

చింతపండు పులుసు గుడ్డతో అద్ది రుద్దితే అద్దం మీది పొర కూడా కదిలింది. బాగానే ఉంది. కానీ ఆ పులుసును ఏ నీళ్లతో కడగాలి? పాత భయమే మళ్లీ ఎదురొచ్చింది. పగిలిన అద్దం ముక్క ఒకటి తెచ్చి ఎండలో పెట్టి, పెరటి బావి నీళ్ల చుక్క ఒకటి, మంచి నీళ్ల చుక్క ఒకటి, చాకలివాళ్ల రేవు దగ్గరి చెరువు నీళ్ల చుక్క ఒకటి పక్కపక్కన వేశాను. ముందు ఉప్పు నీళ్ల చుక్క ఆరింది, తెల్లటి మచ్చ. మంచి నీళ్ల చుక్క ఆరింది, దానికంటే దిట్టమైన మచ్చ. చెరువు చుక్క ఆరిన చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. అదే నీళ్లలో సబ్బు వేసి చిలికితే కామారెడ్డి నురుగు లేచింది. మేము నీళ్లను నాలుకతో ఎంచి పేరు పెట్టాము, అద్దానికి నాలుక లేదు. చెరువు నీళ్లు చప్పన, రంగు ఎరుపు, బర్రెలు పొర్లుతాయి. వాటిని మంచివని ఎవరూ అనరు.

బర్రెలు దిగని వేళ చూసి కుండతో ముంచుకొచ్చాను. కుండ లోపల చిల్లగింజ అరగదీసి, మట్టి అడుగుకు దిగాక పైది మెల్లగా వంచుకుని, గుడ్డలో వడకట్టాను. ముందు చింతపండు, తర్వాత ఆ తేట నీళ్లలో చిలికిన సబ్బు నురుగు, తర్వాత వట్టి తేట నీళ్లు, చివరికి అఖ్బారు. అద్దం ఆరింది. ఆరిన తర్వాత కూడా వేపాకులు విడివిడిగానే ఉన్నాయి.

డాక్టరమ్మ వచ్చే రోజుకు వరండా నిండింది. పటేలమ్మ తన అత్తను ఎద్దుల బండిలో తీసుకొచ్చింది. మొదట మా అవ్వనే బల్ల మీద పడుకోబెట్టి, కంటిలో మందు చుక్కలు వేశారు. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. రెండు చేతులూ చల్లగానే ఉన్నాయి. అంతలో డాక్టరమ్మ మోటారు వచ్చి కిటికీ అవతల ఆగింది. ఆగుతూ ఆగుతూ వాకిట్లోని దుమ్మంతా లేపి అద్దాల మీద కొట్టింది.

డాక్టరమ్మ లోపలికి వచ్చి నేరుగా కిటికీ దగ్గరికే పోయింది. "పొర పోయిందే! పైది దుమ్మే, ఇంకోసారి తుడిస్తే సరి. ఏ నీళ్లతో కడిగావు?" అంది.

నేను నోరు తెరిచేలోగా గుమ్మంలోంచి పటేలమ్మ జవాబు చెప్పింది. "మా బావి నీళ్లే డాక్టరమ్మా. నేనే పోసిన." రెండో బిందె అద్దానికే పోయిన సంగతి ఆమెకు ఎవరు చేరవేశారో తెలియదు. కోపం లేదు ఆమె గొంతులో. గర్వమే ఉంది. "ఇంకిన్ని తెప్పిస్త," అని జీతగాడిని పరుగెత్తించింది. ఇల్లు దగ్గరే. వాడు నిండు బిందె తెచ్చి నా కాళ్ల ముందు పెట్టాడు.

ఆ నీళ్లతో తుడిస్తే తడిగా ఉన్నంతసేపు తళతళలాడుతుంది. అవ్వ కంట్లో కత్తి దిగిన తర్వాత ఆరడం మొదలవుతుంది. వద్దంటే, ఊరి మంచి నీళ్ల బావిని ఊరి పటేలమ్మ ముందే చెడ్డదన్నట్టు. రోజూ నా బిందెలో నీళ్లు పోసే చెయ్యి అది. నేను అవ్వ ముఖం చూశాను. కంటి మందుకు నీళ్లు కారుతున్నాయి.

"అవి వద్దమ్మా," అన్నాను.

"ఏం?"

"ఆరినంక మచ్చ పడుతది."

"ఏమంటున్నదది?" పటేలమ్మ ఒక అడుగు లోపలికి వేసింది. "మా బావి నీళ్లకు మచ్చనా? ఊరంత తాగుతలేరా?"

"తాగనీకె మంచియే పటేలమ్మా. అద్దానికే సరిపడయి. నేను చెరువు నీళ్లతోని కడిగిన."

"బర్లు పొర్లే నీళ్లు మంచియి, మాయి కావు. గంతేనా?"

నేను తల వంచుకున్నాను. డాక్టరమ్మ మా ఇద్దరినీ చూసింది. "ఈ బల్ల మీద ఉన్నది నీ తల్లి కదూ?" అంది నాతో.

"అవునమ్మా."

"అయితే నువ్వు ఏ నీళ్లంటే అవే. త్వరగా కానీ."

వడకట్టిన కుండ తీసుకుని బయటికి పరుగెత్తి అద్దాలు తుడిచాను. తుడవడం అయ్యాక నీడ పడుతుందని గోడకు అతుక్కుని పక్కగా నిలబడ్డాను. లోపలికి ఒక వారగా మాత్రం కనిపిస్తోంది. అవ్వ ముఖం మీద గుడ్డ, గుడ్డ నడుమ కన్ను, కన్ను మీదికి వంగిన డాక్టరమ్మ. నేను అవ్వను చూడలేకపోయాను, అద్దాన్ని చూస్తూ నిలబడ్డాను. పై అంచు నుంచి తడి ఆరుతూ కిందికి దిగుతోంది. ఎక్కడైనా ఒక్క తెల్లటి చుక్క లేస్తుందా? చిల్లగింజ సరిగ్గా అరగదీశానా? చెరువులోకి రాత్రికి రాత్రే వేరే నీళ్లేమైనా వచ్చి చేరాయా? నోటికొచ్చిన ప్రార్థనలన్నీ అయిపోయి, చివరికి సర్వను తోమిన చింతపండును కూడా తల్చుకున్నాను. అడుగు అద్దం కూడా ఆరింది. తెల్లటి చుక్క లేవలేదు. లోపల డాక్టరమ్మ నడుము నిటారు చేసి, కట్టు కట్టమని చెప్పింది.

ఆ వెంటనే అదే బల్ల మీద, అదే వెలుతురులో, పటేలమ్మ అత్తకూ ఆపరేషన్ అయింది. అదీ బాగానే జరిగింది.

మర్నాడు నేను బిందె తీసుకుని గచ్చుకు ఇవతల నిలబడ్డాను. పటేలమ్మ తన బిందెలు నింపుకుంది. బొక్కెనలో మిగిలిన నీళ్లను నా కళ్ల ముందే నేల మీద కుమ్మరించింది. "చెరువుకు పోరాదూ? మంచి నీళ్లు ఆడున్నయట గదా," అంది. తక్కినవాళ్లు ఆమె ముఖం చూసి తమ పని తాము చూసుకున్నారు. ఆ తర్వాత కూడా నేను వెళ్లి నిలబడి చూశాను. ఎవరూ పోయలేదు. మా వాడ బావి వేసవికి అడుగంటింది, పెరటి బావి నీళ్లు నోట్లో పెట్టలేము. ఇక చెరువే. ముంచి, చిల్లగింజ అరగదీసి, వడకట్టి, అవే అవ్వకు తాగించాను.

ఆరిపోయిన కన్ను కూడా కదలకూడదని ఆమె రెండు కళ్లకూ కట్టు కట్టారు. కదలకూడదు. తల ఎత్తి పట్టి గిలాస నోటికి అందించేదాన్ని. మొదటిసారి తాగినప్పుడు, "సప్పగున్నయేందే?" అంది. "మందుకు నీ నాలుక అట్లయింది," అన్నాను. ఆమె ఊఁ అని ఊరుకుంది. తర్వాత మళ్లీ అడగలేదు. కట్టు విప్పితే చూపు వచ్చిందో లేదో అన్న భయం ఒకపక్క, చూపు వస్తే ఈ నీళ్లు చూస్తుందే అన్న భయం ఇంకోపక్క. ఆ రెండో భయం నాకు సిగ్గుగా ఉండేది.

కట్టు విప్పే ముందు ఎగువన తొలి వాన పడింది. చెరువులోకి ఎర్రటి వరద దిగింది. చిల్లగింజ ఎంత అరగదీసినా నీళ్లు తేటపడలేదు.

కట్టు విప్పారు. కళ్లద్దాలు ఇంకా రాలేదు కాబట్టి ఆమెకు ఆకారాలు మసకే, రంగులూ కదలికలూ మాత్రం తెలిశాయి. అది చాలు, పసిపిల్లలా అయిపోయింది. "గది కిటికే గదా? ఎంత తెల్లగున్నది!" అంది. నా చీర పచ్చగా ఉందని, కంపౌండరు టోపీ నల్లగా ఉందని ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పింది. నేను నవ్వుతూ ఏడుస్తూ ఉన్నాను. అప్పుడు దూప అయితుందని నీళ్లు అడిగింది.

దవాఖాన గిలాసలు తెల్లటి పింగాణివి. అందులో ఆ నీళ్లు ఎర్రగా కనిపించాయి. ఇవ్వకుండా ఎలా ఉంటాను? ఇచ్చాను. ఆమె గిలాసను ముఖానికి దూరంగా పట్టుకుని, తల వాల్చి లోపలికి చూసింది. చాలాసేపు చూసింది.

"అవ్వా, అవి..." అన్నాను.

"నాకు ఎరుకే తియ్యి. గా పొద్దు బల్ల మీద పండుకున్న గని చెవులు ముయ్యలేదు గద, పటేలమ్మ లొల్లంత ఇన్న. మొదటి గుక్కకే తెలిసింది. రంగే ఇయ్యాల చూస్తున్న," అంది. అని, గిలాస ఎత్తి చివరిదాకా తాగింది. ఖాళీ గిలాస నా వైపు చాపింది. "ఇంకిన్ని పొయ్యి."

నేను కుండ వంచాను. నీళ్లు సగం గిలాసలో, సగం ఆమె ఒళ్లో పడ్డాయి. ఆమె గిలాసను చూడటం మానేసి నా చేతిని చూసింది.

"ఏందే, చెయ్యి గట్ల వణుకుతున్నది?" అంది. "రోజూ గిట్లనే పోసినవా?"